విద్యార్థి నాటిక: లోటును దాచడమా, రూపంగా మలచడమా?

1. పరిచయం

నాటకానికీ నాటికకూ ఉన్న భేదాన్ని మీరు గత పాఠంలో తెలుసుకున్నారు. ఈ పాఠం మీ బృంద ప్రాజెక్టుకు సంబంధించింది. మీలో అయిదారుగురు కలిసి పదిహేను, ఇరవై నిమిషాల సొంత నాటికను రాసి ప్రదర్శించాలి. "మాకు వేదిక లేదు, ఖర్చుపెట్టే శక్తి లేదు, అందరం కలుసుకొనేది ఆదివారం తరగతుల్లోనే. ఇక నాటకమెలా ఆడతాం?" అని మీకు అనిపించవచ్చు. ఈ ఇబ్బందులు నిజమైనవే. కానీ వీటిని ప్రేక్షకుడి కంటపడకుండా దాచాలని చూసే నాటిక బలహీనపడుతుంది. వీటినే తన రూపంగా మలచుకొన్న నాటిక నిలబడుతుంది. ఈ అభిప్రాయం ఎంతవరకు సరైనదో రెండు ప్రదర్శనల ఆధారంగా పరిశీలిద్దాం.

2. రాజమహేంద్రవరం విద్యార్థులు

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన తొలి అడుగుల్లో విద్యార్థులున్నారన్న విషయాన్ని మీరు గుర్తుంచుకోవాలి. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తన విద్యార్థులను ఒక సమాజంగా కూర్చి, 1880లో 'వ్యవహార ధర్మబోధిని' అనే ప్రహసనాన్ని ఆడించారు. న్యాయస్థానాల చుట్టూ తిరిగే ప్లీడర్ల అక్రమాలు దీని వస్తువు. షేక్స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'కు అనుసరణ అయిన 'చమత్కార రత్నావళి' కూడా ఆ కాలంలోనే ఆ విద్యార్థులతో ప్రదర్శితమైంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి పుస్తకం నుంచి వచ్చింది, మరొకటి ఊరి నుంచి వచ్చింది. కోర్టు మెట్లెక్కిన ప్రతి ప్రేక్షకుడూ ప్రహసనంలోని మనుషులను గుర్తుపట్టగలడు. రచయిత వ్యావహారిక భాషను వాడటం వల్ల నటులు తమకు తెలిసిన మాటనే పలికే వీలు కలిగింది. కొత్తగా వేదిక ఎక్కిన విద్యార్థులకు ఇది పెద్ద బలం.

అయితే పేరులోనే ఒక ప్రమాదం ఉంది. 'బోధిని' అంటే బోధించేది. బోధించాలనే సంకల్పం బలంగా ఉన్నప్పుడు, ఎవరు మంచివారో ఎవరు చెడ్డవారో నాటకం మొదలుకాక ముందే నిర్ణయమైపోతుంది. ప్రహసనంలో ఇది కొంత చెల్లుతుంది. గంభీరమైన నాటికలో చెల్లదు.

3. యంత్రం లేని యంత్రం

రెండో ఉదాహరణ ఢిల్లీ నుంచి. జన నాట్య మంచ్ 1973లో ఏర్పడింది. ఎమర్జెన్సీ ముగిసిన తరువాత పెద్ద నాటకాలు ఆడే ఖర్చును భరించగల పరిస్థితి లేక, ఆ బృందం చిన్న వీధి నాటకాల వైపు మళ్లింది. సఫ్దర్ హష్మీ తదితరులు రూపొందించిన 'మెషీన్' 1978లో ప్రదర్శితమైంది. దాని నిడివి సుమారు 13 నిమిషాలు. తెర లేదు, రంగాలంకరణ లేదు. నటులే తమ శరీరాల కదలికలతో, నోటి శబ్దాలతో ఒక యంత్రంగా మారతారు. ఆ యంత్రం హఠాత్తుగా ఆగిపోతుంది. ఎందుకు ఆగిందన్న ప్రశ్నతో నాటకం ముందుకు నడుస్తుంది.

దీని వెనుక ఢిల్లీ సమీపంలోని ఒక కర్మాగారంలో జరిగిన ఘటన ఉంది. కార్మికులు అడిగినవి చిన్నవి: సైకిళ్లు పెట్టుకొనే చోటు, టీ దొరికే క్యాంటీను. దాని పర్యవసానం కాల్పులు, మరణాలు. అడిగినదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న ఈ దూరమే నాటకానికి బలం. 'దోపిడీ' అన్న మాట వందసార్లు పలికినా కలగని స్పందన, సైకిలు స్టాండు కోసం ప్రాణం పోయిందన్నప్పుడు కలుగుతుంది.

దీనికీ పరిమితి లేకపోలేదు. ఇందులో కార్మికుడు, యజమాని, కాపలాదారు తమ తమ వర్గాలకు ప్రతినిధులు మాత్రమే. ఆ కార్మికుడికి ఇల్లుందా, భయముందా అన్నది మనకు తెలియదు. 13 నిమిషాల్లో వ్యక్తి మనసులోకి వెళ్లే తీరిక ఆ రూపానికి లేదు. అంటే లోటును రూపంగా మలచుకొన్నప్పుడు కొంత లాభమూ ఉంటుంది, కొంత నష్టమూ ఉంటుంది. ఏది వదులుకొంటున్నారో తెలిసి వదులుకోవాలి.

4. తరచు కనిపించే లోపం

ఇప్పుడు విద్యార్థి నాటికల వైపు వద్దాం. తాగుబోతు తండ్రి, కట్నం అడిగే అత్త, చివరలో ముందుకు వచ్చి సభను ఉద్దేశించి ఉపన్యసించే యువకుడు: ఈ నమూనా మీకు పరిచితమే. ఇక్కడ సమస్య ఉంది కానీ సంఘర్షణ లేదు. ఎందుకంటే ఎదుటి పక్షానికి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఒక సన్నివేశాన్ని ఊహించండి. బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి డిగ్రీ చదువుతోంది.

"సార్, రేపు ఆదివారం పరీక్ష ఉంది. ఒక్క పూట వెళ్లొస్తాను."

"పోయిన వారం క్లాసన్నావు, పంపించాను కదమ్మా. రేపు పండగ గిరాకీ. మిగతావాళ్లు కూడా అడిగితే ఏం చెప్పను?"

యజమాని దుర్మార్గుడు కాడు. అయినా అతడి మాట నెగ్గితే అమ్మాయికి ఒక ఏడాది పోతుంది. ఇద్దరికీ పోగొట్టుకొనేది ఉన్నప్పుడే ప్రేక్షకుడు కుర్చీలో ముందుకు జరుగుతాడు. ఈ కథ మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఉద్యోగం చేస్తూ చదివే మీరు దాన్ని అనుభవిస్తున్నారు. సొంత నాటిక అంటే ఎవరూ రాయని కథ అని కాదు, మీరు చూసి ఎరిగిన కథ అని అర్థం.

మీ రచన పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. చివరి ఉపన్యాసాన్ని కొట్టివేసి చదవండి. విషయం అర్థమైతే ఆ ఉపన్యాసం అనవసరం. అర్థం కాకపోతే లోపం అంతకు ముందున్న సన్నివేశాల్లో ఉంది.

5. బృందంగా పనిచేయడం

రిహార్సల్‌కు ఒకరు రాకపోవడం మీకు తప్పదు. ఒకరికి డ్యూటీ పడుతుంది, ఇంకొకరి ఇంట్లో పిల్లలకు జ్వరం వస్తుంది. అందువల్ల ఒక్కరి మీదే ఆధారపడిన పాత్రను రాయకండి. ప్రతి ఒక్కరూ మరొకరి పాత్రను కూడా నేర్చుకోవాలి. ఇలా నేర్చుకొంటే మరో ప్రయోజనముంది: యజమాని వేషం వేసినవారు అమ్మాయి మాటలు పలికినప్పుడు, ఏ మాట అబద్ధంగా ఉందో వెంటనే తెలుస్తుంది. దాన్ని అందరూ కలిసి సరిచేయండి. రాసినవారు పట్టుదలకు పోకూడదు.

6. సారాంశం

'వ్యవహార ధర్మబోధిని' నుంచి ఎరిగిన వస్తువునూ ఎరిగిన భాషనూ తీసుకోండి. 'మెషీన్' నుంచి లేనిదాన్ని శరీరంతో, శబ్దంతో సృష్టించే ధైర్యాన్ని తీసుకోండి. మొదటిదాని బోధననూ, రెండోదానిలో వ్యక్తి లేకపోవడాన్నీ అనుకరించకండి. ఇరవై నిమిషాల్లో ఒక్క మనిషి ఒక్క నిర్ణయం తీసుకోవడాన్ని నమ్మదగినట్టు చూపగలిగితే మీ నాటిక సఫలమైనట్టే.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. సమస్యకూ సంఘర్షణకూ భేదమేమిటి? పైన చెప్పిన దుకాణం సన్నివేశం ఆధారంగా వివరించండి.
2. మీ బృందానికి ఉన్న ఒక లోటును పేర్కొని, దాన్ని నాటిక రూపంగా ఎలా మలచవచ్చో పది వాక్యాల్లో రాయండి.