జాన్సన్ ఫోన్ మాటలు రాసిపెట్టినవాళ్లు

1964 మే 27న అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సెనేటర్ రిచర్డ్ రస్సెల్‌కు ఫోన్ చేశారు. వియత్నాంలో ఇరుక్కోవడం ఇద్దరికీ ఇష్టం లేదు, బయటపడే దారీ కనబడలేదు. ఆ తటపటాయింపును ఈరోజు అక్షరాల్లో చదవగలుగుతున్నామంటే హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ రికార్డింగును విని రాసినవాళ్ల చలవే.

జాన్సన్ ఫోన్ సంభాషణలు డిక్టాబెల్ట్ అనే ప్లాస్టిక్ పట్టీల మీద సన్నని గాడులుగా పడ్డాయి. మొత్తం దాదాపు 643 గంటలు. గరగర శబ్దాలు, టెక్సాస్ యాస, ఒకరి మాట మీద ఇంకొకరి మాట. తాను పోయాక 50 ఏళ్లు తెరవొద్దని ఆయన కోరారు. కానీ పట్టీలు పాడైపోతాయన్న భయంతో ఆస్టిన్‌లోని ఆయన గ్రంథాలయం 1990ల్లోనే వాటిని బయటపెట్టసాగింది. మంచి పని చేసింది.

వర్జీనియా విశ్వవిద్యాలయంలోని మిల్లర్ సెంటర్‌లో ఈ సంభాషణలను ఒకరు విని రాస్తే, మరొకరు మళ్లీ విని దిద్దుతారు. బియ్యంలో రాళ్లు ఏరినట్టే, ఒక్క పదం కోసం అదే ముక్కను పదేపదే తిప్పుతారు. 1964 ఆగస్టులో జాన్సన్ హ్యాగర్ కంపెనీకి ప్యాంట్లు ఆర్డరిచ్చిన కాల్‌కూ యుద్ధం మాటలకిచ్చినంత శ్రద్ధే. జేబులో చాకు, డబ్బులు జారిపోతున్నాయన్న ఫిర్యాదూ, మధ్యలో తేన్పూ అందులో ఉన్నాయి.

మనుషుల్ని అడిగి వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేసే మౌఖిక చరిత్రల పని వేరు. అక్కడ టైపు ప్రతి చెప్పినవారి దగ్గరికి వెళ్తుంది, వాళ్లు సరిదిద్దుకోవచ్చు. ఫోన్ రికార్డుకు ఆ వెసులుబాటు లేదు. అందుకే దాన్ని రాసేవారి చెవి మీద అంత బాధ్యత.