కమలిని ఉత్తరము

గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో వెలువడినది. సానిపాటకు మరగి అర్ధరాత్రము దాటినపిదప ఇల్లు చేరిన గోపాలరావునకు భార్య కమలిని కానరాదు. పుట్టినింటికి పోవుచున్నానన్న ఉత్తరము మాత్రము దొరకును. అతడు పశ్చాత్తాపపడును, ఆమె మంచముక్రిందనుండి నవ్వును. కథా నిర్మాణమునందు మాకు దోషము కనబడదు. అయినను ఒక ప్రశ్న కలుగుచున్నది. ఆ ఉత్తరమునకు బలమెక్కడిది? పుట్టినింటి తలుపు తెరచియుండుటచేతను, భర్తకు సిగ్గుండుటచేతను గదా! ఆ రెండును లేనిచోట దిద్దుబాటెట్లు?

2020లో కరోనా మహమ్మారికాలమున ఈ ప్రశ్న కథను దాటి వీధిలోనికి వచ్చినది. దిల్‌సుఖ్‌నగరు మీదుగా ఎల్.బి.నగరునకు పోవు మెట్రోరైలు మార్చి 22న ఆగి, సెప్టెంబరు 7న గాని కదలలేదు. ఎల్.బి.నగరు కూడలినుండి నల్లగొండ, సూర్యాపేటలకు పోవు బస్సులును నిలిచిపోయినవి. పుట్టినిల్లు ఆ దారిని ఉన్న ఇల్లాలికి దారి మూతపడినది. కొట్టువాడును, దెబ్బలు తినునామెయు ఇరుకువాటాలో రేయింబవళ్లు ఒక్కచోటనే ఉండవలసివచ్చెను. ఫోనులో నోరు విప్పుటకైన చాటు లేదు. జాతీయ మహిళా కమిషను ఆ ఏప్రిలులో వాట్సాప్ సందేశములను స్వీకరింప పూనుకొనుటకు హేతువిదియే. కమలిని ఉత్తరము భర్తకు వ్రాసినది. ఈమె ఉత్తరము లోకమునకు వ్రాయవలసివచ్చినది.

ఆ ఉత్తరము అందుకొనవలసినవారము మనమే. 2005 నాటి గృహహింస నిరోధక చట్టము 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్నది. కాపురమున్న ఇంట నివసించు హక్కును 17వ సెక్షను ఆమెకిచ్చినది. 19వ సెక్షను ననుసరించి మేజిస్ట్రేటు భర్తనే ఇల్లు వెడలుమని ఆజ్ఞాపింపవచ్చును. హింస జరుగుచున్నదని నమ్ముటకు కారణమున్న ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చుననియు, సద్భావముతో తెలిపినవారికి ఏ బాధ్యతయు అంటదనియు 4వ సెక్షను చెప్పుచున్నది. దిల్‌సుఖ్‌నగరునకు మూడు స్టేషన్ల దూరమున, ఎల్.బి.నగరులో, రంగారెడ్డి జిల్లా న్యాయస్థానములున్నవి. 181 అను సహాయ సంఖ్య యున్నది. న్యాయము దూరమున లేదు. గోడ కావల ఏడ్పు విని టెలివిజను ధ్వని పెంచు మన మౌనమే దానిని దూరము చేయుచున్నది.

“సర్దుకొనుము తల్లీ” యనుట ఓదార్పు కాదు. ఆమె కాగితములను, బ్యాంకు పుస్తకమును మన యింట దాచుట, బిడ్డలను ఒక పూట చూచుకొనుట, న్యాయస్థానమునకు తోడుపోవుట, మరునాడును పలుకరించుట: ఇవి ఓదార్పులు. భార్య చాతుర్యముమీదనే సంసారపు దిద్దుబాటును మోపుట ఇక చాలును. నేడు మంచముక్రింద దాగిన స్త్రీ నవ్వుటకై దాగలేదు. చదువరులారా, పక్కవాటా తలుపు తట్టుడు.