‘మన రక్తమే’నా?

"పిల్ల చామనఛాయే గాని, మన రక్తమే!" కేసముద్రం పెళ్ళిచూపుల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! ఆ రక్తం కథే డేవిడ్ రైక్ 2018లో రాసిన ‘హూ వి ఆర్ అండ్ హౌ వి గాట్ హియర్’.

హైదరాబాదు సి.సి.ఎం.బి.లోని లాల్జీ సింగ్, తంగరాజ్‌లతో కలిసి ఈయన తేల్చిందేమిటంటే, మనలో దాదాపు అందరివీ కలిసిన వంశాలే, పాళ్ళే తేడా. కలయిక సుమారు 4000–2000 ఏళ్ళ కిందటిది. కులం గడప దాటని పెళ్ళిళ్ళు తర్వాతవి. అందుకే మన వైశ్యుల్లో కొందరికి, ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలించే మందిస్తే ఓ పట్టాన దిగదట. ఎంత పనికొచ్చే సంగతి!

చివర్లో మాత్రం, సమూహాల మధ్య తెలివిలోనూ తేడాలు తేలవచ్చు, సిద్ధపడండి అంటాడు. అక్కడే నా పేచీ. మందు సంగతికి రుజువుంది, దీనికేదీ? రుజువులేని ‘కావచ్చు’ మన అరుగుల మీదికొస్తే తీర్పయి కూర్చుంటుంది. ముందు పేజీలు మాత్రం సంబంధాలు చూసేవాళ్ళకి చదివి వినిపించాల్సిందే.