కౌంటర్ అవతలి దౌత్యం

ఢిల్లీ బేర్ సరాయ్ జిరాక్స్ షాపుల ముందు ఎప్పుడూ సివిల్స్ పిల్లలే. సాయంత్రం పూట అటు వెళ్తే నోట్సుల కట్టలు చేతబట్టుకుని తెలుగులో మాట్లాడుకునేవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. ఆ పేటకు దగ్గర్లోనే, పాత జేఎన్‌యూ ఆవరణలో, విదేశాంగ అధికారుల శిక్షణ సంస్థ ఉంది. 1986లో ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై, 2007లో ఈ ప్రాంగణానికి చేరింది. 2020 నుంచి సుష్మా స్వరాజ్ పేరుతో నడుస్తోంది. ఐఎఫ్ఎస్ దక్కినవాళ్లు ముస్సోరీలో ఫౌండేషన్ కోర్సు ముగించి ఇక్కడికే వస్తారు.

ఈ సివిల్స్ పిల్లలతో మాట్లాడటం నాకిష్టం. ఐఎఫ్ఎస్ అనగానే వాళ్లలో ఎక్కువమందికి న్యూయార్క్, జెండా కట్టిన కారు, ఐక్యరాజ్యసమితి వేదిక గుర్తొస్తాయి. అందులో తప్పేం లేదు. మన హైదరాబాదీ సయ్యద్ అక్బరుద్దీన్ ఐరాసలో భారత శాశ్వత ప్రతినిధిగా ఉండగానే, 2017లో జస్టిస్ దల్వీర్ భండారీ అంతర్జాతీయ న్యాయస్థానానికి మళ్లీ ఎన్నికయ్యారు. దేశమంతా గర్వపడిన సందర్భం అది. అయితే అక్బరుద్దీన్ 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో జెడ్డాలో కాన్సుల్ జనరల్‌గా పనిచేశారన్న సంగతి నేను అడిగిన పిల్లల్లో చాలామందికి తెలియదు. జెడ్డా కాన్సులేట్ అంటే హజ్ యాత్రికులు, అకామా (నివాస అనుమతి) గడువు తీరిన కూలీలు, జైళ్లు, ఆసుపత్రులు. తెలుగు ఇళ్లకు దౌత్యం ఎదురుపడేది ఎక్కువగా అక్కడే.

ఢిల్లీలో ఉంటున్నానని తెలిసి ఊళ్ల నుంచి నాకు ఫోన్లు వస్తుంటాయి. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక ఫోన్ మరిచిపోలేను. "తమ్ముడు పోయిండు సార్. కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తుతలేరు. శవమన్నా ఎప్పుడొస్తది?" అడిగినాయనకు తమ్ముడు పనిచేసిన గల్ఫ్ దేశం పేరు తెలుసు, కంపెనీ పేరు సగమే తెలుసు.

శవం ఇంటికి రావడానికి ఎన్ని కాగితాలు కావాలో ఆ రోజుల్లోనే నాకు అర్థమైంది. ఆసుపత్రి మరణ పత్రం, పోలీసు నివేదిక, వారసుల సమ్మతి పత్రం, నోటరీ చేసిన అధికార పత్రం కావాలి. రాయబార కార్యాలయం మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. తర్వాత శవం చెడకుండా మందులు ఎక్కించినట్టు ధ్రువపత్రం, విమానంలో కార్గో బుకింగ్. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఖర్చు భరించకపోతే, బీమా లేకపోతే, 2009లో మొదలైన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి డబ్బు కోసం ఫైలు కదలాలి. మనిషి ఖల్లివెల్లి అయి ఉంటే, అంటే కఫీల్‌ను వదిలి బయట పనిచేస్తూ ఉంటే, ప్రతి కాగితం దగ్గరా మరో చిక్కు. రావాల్సిన జీతం బకాయిల లెక్క వేరే. ఇక్కడ తహశీల్దారు ఇచ్చే వారసత్వ పత్రానికీ అక్కడి లేబర్ కోర్టుకూ మధ్య నిలబడేది మన కాన్సులర్ అధికారే.

1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందాన్ని ఈ పిల్లలు పరీక్ష కోసం చదువుతారు. అరెస్టయిన పౌరుడికి తన కాన్సులేట్‌తో మాట్లాడే హక్కునిచ్చే 36వ అధికరణం వాళ్లకు కంఠతా వచ్చు, ఎందుకంటే పాకిస్థాన్‌లో అరెస్టయిన కుల్‌భూషణ్ జాధవ్ కేసు అంతర్జాతీయ న్యాయస్థానంలో దానిమీదే నడిచింది. తమ దేశంలో విదేశీయుడెవరైనా చనిపోతే అతని కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా తెలియజేయాలనేది 37వ అధికరణం. జగిత్యాల కుటుంబానికి అక్కరకొచ్చేది అది. దాన్ని ఎవరైనా ప్రస్తావించగా నేను వినలేదు.

ఐఎఫ్ఎస్‌లో చేరినవాళ్లు ఒక విదేశీ భాష తప్పనిసరిగా నేర్చుకోవాలి. అందులో పరీక్ష నెగ్గితేనే ఉద్యోగం ఖాయమవుతుంది. అరబిక్ నేర్చుకునేవాళ్లు కైరో లాంటి చోట్లకు వెళ్లి చదువుకుంటారు. ఆ అరబిక్‌తో కోర్టు కాగితం చదవొచ్చు. కానీ నిజామాబాద్ నుంచి వెళ్లిన కూలీ తనకేం జరిగిందో మొదట చెప్పుకునేది తెలుగులోనే. భయంలో ఉన్న మనిషి వచ్చీరాని హిందీలో సగమే చెప్తాడు, ఆ సగంతోనే ఫిర్యాదు నమోదవుతుంది. గల్ఫ్ మిషన్ల కాన్సులర్ విభాగాల్లో తెలుగు తెలిసినవాళ్లు తప్పకుండా ఉండాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ గట్టిగా అడగాలి.

ఈ ఉద్యోగం సుఖమైనదని నేననను. రెండు మూడేళ్లకోసారి ఇల్లు సర్దుకోవాలి. పిల్లలకు మళ్లీ కొత్త బడి, భార్యకో భర్తకో మళ్లీ ఆగిపోయే ఉద్యోగం. తల్లిదండ్రులు మంచాన పడితే సెలవు దొరికి, విమానం దొరికి రావాలి. కొన్ని చోట్ల ప్రాణాలకే ముప్పు. 2008 జులై 7న కాబూల్‌లో మన రాయబార కార్యాలయం గేటు దగ్గర ఆత్మాహుతి కారు బాంబు పేలింది. ఆ పేలుడులో తెలుగు అధికారి వి. వెంకటేశ్వరరావు కన్నుమూశారు. ఆయన అక్కడ కౌన్సెలర్ హోదాలో ఉన్న దౌత్యాధికారి. ఆ ఉదయం ఎప్పటిలాగే ఆఫీసుకు బయల్దేరిన మనిషి. ఆయన పేరు బేర్ సరాయ్ చుట్టుపక్కల చదివే ప్రతి తెలుగు పిల్లకూ పిల్లాడికీ తెలిసి ఉండాలి.

కాన్సులర్ పనిని రాజకీయ విభాగం పని కన్నా ఓ మెట్టు కింద పెట్టి చూసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఒప్పందం ముసాయిదా రాయడానికి ఎంత తెలివి కావాలో, ఫోన్ ఎత్తని యజమాని నుంచి చనిపోయినవాడి ఆరు నెలల జీతం రాబట్టడానికీ అంతే కావాలి. పైగా ఓపిక కావాలి.

బేర్ సరాయ్‌లో చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సర్వీసుల ప్రాధాన్య క్రమం నింపేటప్పుడు ఐఎఫ్ఎస్‌ను మొదట పెట్టాలనుకుంటే సంతోషంగా పెట్టండి. అంతకుముందు ఊరెళ్లినప్పుడు గల్ఫ్‌లో మనిషిని పోగొట్టుకున్న ఒక ఇంటికి వెళ్లండి. ఏ కాగితం దగ్గర పని ఆగిందో అడిగి తెలుసుకోండి. ఉద్యోగం వచ్చాక కాన్సులర్ కౌంటర్ అవతల కూర్చునే పనిని మీరే కోరి అడగండి.