క్షణికవస్తు వర్ణనము

మన ప్రబంధములలో సూర్యోదయము, చంద్రోదయము, ఋతువులు మొదలగు పదునెనిమిది వర్ణనములు ఉండవలెనని లాక్షణికులు విధించిరి. ఇందు పెక్కు క్షణికములే. అయినను ఆ పద్యములు చదువునపుడు వర్ణ్యవస్తువు గతించిపోవుచున్నదను స్ఫురణ కలుగుట యరుదు. మంచుబిందువు ముత్యమగును, చిగురు పగడమగును, పువ్వు కెంపగును. నశించుదానిని నశింపనిదానితో పోల్చిన పిమ్మట రత్నములు మిగులును గాని పువ్వు మిగులదు.

కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని వర్షవర్ణనము ఇందుకు భిన్నము. అందు తడిసిన కట్టెలు, పొగ, నిప్పుకై ఇల్లిల్లు తిరుగుట కలవు. రాజు వంటయింటి యిక్కట్టు నెరిగి వ్రాసినందుననే నాటి వాన నేటికిని మన కన్నులను మండించుచున్నది.

ఏటేట దసరాదినములలో పత్రికలకెక్కు బతుకమ్మ వ్యాసములలో మరల పాత రత్నములే. తంగేడు బంగారమట, పేర్పు గోపురమట! నేనును అట్టి వ్యాసమొకటి వ్రాసినవాడనే. ఇప్పుడు చదువ సిగ్గగుచున్నది.

మొన్నటి పండుగకు మెట్టుగూడలో ఒక యిల్లాలు బతుకమ్మను పేర్చుచుండగా కూర్చుండి చూచితిని. గుమ్మడిపువ్వు వేకువను విచ్చి మధ్యాహ్నమునకే ముడుచుకొనును. తంగేడు దానికంటె కొంత తాళును. గునుగు ఎండినను రంగు విడువదు. ఒక్క పళ్లెరములో మూడు ఆయుర్దాయములు! ఈ భేదము ఆమె చేతులెరుగును, మా కలములెరుగవు.

పాటలోనే బంగారమను మాట లేదా యని కొందరు ప్రశ్నింతురు. కలదు. కాని పాడువారు ఆ రాత్రియే దానిని నీట విడుతురు. వారికది ముద్దుపిలుపు, వెల కాదు. మా పేటకు చేరువనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు చేసిన కృషి వలన జానపదగేయములకు పండితగోష్ఠిలో స్థానము దొరకినది. వారి తెలుగు జానపద గేయ సాహిత్యము 1958లో అచ్చయినది. పాట పుస్తకమెక్కెను. పూలు పేర్చు నేర్పును అంత శ్రద్ధతో వ్రాయబూనినవారు తక్కువ. అది ఆడువారి యింటిపని గదా యను చులకన యిందుకు కారణమని నా తలంపు.

ఆ రాత్రి ఆ యిల్లాలు ఖాళీ పళ్లెముతో తిరిగివచ్చుచుండగా, "ఇంత శ్రమకు మిగిలినదేమమ్మా?" యని అడిగితిని.

"పళ్లెం మిగిలిందయ్యా. రేపు మల్ల దాంట్లనే పేర్వాలె" ననుచు ఆమె తోముటకు కొళాయి కడకు పోయెను.