జంట కలములు, ప్రేమ నవల

జంటకవులన్న మాట మన భాషకు పుట్టుకతో వచ్చినట్లున్నది. తిరుపతి వేంకట కవులు, కొప్పరపు సోదర కవులు, వేంకట పార్వతీశ కవులు, పింగళి కాటూరి కవులు - ఈ పేర్లు వినగానే ఇద్దరు మనుష్యులు ఒక్క శాలువ కప్పుకొని సభకు వచ్చినట్లు మనకు తోచును. జంట నవలాకారులన్న మాట మాత్రము ఎవరి నోటను నిలువలేదు. అందునను ప్రేమనవలను ఇద్దరు కలిసి వ్రాయుట యనిన, "ప్రేమయే యిద్దరి వ్యవహారము, దానిని వ్రాయుటకు మరి యిద్దరా?" యని నవ్వువారు కలరు. తక్కిన నవలలకంటె ప్రేమనవలకే రెండు కలములు ఎక్కువ అవసరమని మా యభిప్రాయము. దానిని ఈ సంచిక చదువు సోదర సోదరీమణుల యెదుట ఉంచుచున్నాము.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి కచ్చేరీ బల్లయొద్ద జీవితము గడపినవారము. అయినను ఒకరు చిత్తు వ్రాయగా మరియొకరు సంతకము చేయు వ్యవహారము ఎట్టిదో మాకు తెలిసినంత పండితులకు తెలియకపోవచ్చును. ముసాయిదా గుమాస్తాది, దస్కతు పైయధికారిది. ఆ కాగితములో తప్పు దొరలిన నాడు మాత్రము అది మరల గుమాస్తాదే యగును. కనుక రెండు చేతులు పడిన ఏ రచననైనను చూచినపుడు, ఎవరి చేయి ఎంత, ఎవరి పేరు ఎంత యన్న ప్రశ్న మాకు ముందుగా పుట్టును.

జంటపేరు పెట్టుకొనుట సులభము, నిలుపుకొనుట కష్టము. బాల్యమున కొంతకాలము మా యానాములో ఉండి చదువుకొన్న చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారి మాటయే చూతము. ఆయనయు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులు. అవధానసభలలో ఒకరు పద్యమును కొంత నడపగా రెండవవారు తక్కినది అందుకొనుచుండిరి. సభలో అది చెవికి తెలియు విద్య. గ్రంథమునందైతే అట్టి అతుకు కనబడదు, కనబడరాదు. తిరుపతిశాస్త్రిగారు ముందుగా గతించిరి. చెళ్లపిళ్లవారు 1950 వరకు జీవించిరి. అనగా సుమారు మూడు దశాబ్దములు ఒంటరిగా వ్రాసియు జంటపేరును విడువలేదు. దీనిని స్నేహధర్మమని పొగడుట మనకు అలవాటు. పొగడుట న్యాయమే. కాని ఇందులో రచనాధర్మము కూడ కలదు. చిరకాలము ఇద్దరుగా వ్రాసినవాడు ఒంటరిగా కూర్చున్నపుడును తన వాక్యమును రెండవవాని చెవితో వినును. ఆ చెవి పోనంతవరకు జంటపేరు అబద్ధము కాదు.

పద్యము నుండి నవలకు వచ్చునపుడు మనకు ఎదురగు జంట వేంకట పార్వతీశ కవులు, అనగా బాలాంత్రపు వేంకటరావుగారు, ఓలేటి పార్వతీశముగారు. వీరి కావ్యమునకు పేరు 'ఏకాంతసేవ'. ఏకాంతమును ఇద్దరు కలిసి వ్రాయుట చూచి మేము చిరునవ్వు నవ్వుకొనని దినము లేదు. 'మాతృమందిరము' వంటి స్వతంత్ర నవలలే కాక వంగనవలలను పెక్కింటిని వీరు తెనిగించిరి, ఆంధ్రప్రచారిణీ గ్రంథమాలను నడపిరి. గ్రంథమాల యనగా పాఠకుడు మరచిపోవకముందే మరియొక పుస్తకము అందించవలెను. ఒంటిచేతికి అది మోయరాని బరువు. రచనను జీవనవ్యాపకముగా పెట్టుకొనదలచినవారికి జంట యొక అలంకారము కాదనియు, పనిముట్టు అనియు ఈ యిద్దరు చూపిరి.

ఇక ప్రేమనవల. ఇచ్చట మా యభియోగము ఒక్కటే. మన ప్రేమనవలలలో మంచివానియందు సైతము ఇద్దరు ప్రేమికులు కానరారు, ఒక్కరే కానవత్తురు. రెండవవారు బొమ్మ.

అడివి బాపిరాజుగారి 'నారాయణరావు'ను తీసికొందము. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును 'వేయిపడగలు'తో పంచుకొన్న నవల యిది. నారాయణరావునకు సంగీతము వచ్చును, సాహిత్యము వచ్చును, దేశభక్తి గలదు, దేహపుష్టి గలదు. జమీందారు బిడ్డ శారద అతనిని వివాహమాడియు మొదట మనసు ఇయ్యదు, క్రమముగా ఇచ్చును. ఆ 'క్రమముగా' అను మాటలోనే నవల యంతయు ఉండవలసినది. శారద మనసు ఏ పూట, ఏ చిన్న సంగతివలన మెత్తబడెనో తెలిసికొనగోరి చదువువారికి నారాయణరావు గుణములే మరల మరల వడ్డింపబడును. ఇంతటి గుణవంతుని ప్రేమింపక యెట్లుండగలదని రచయిత భావము. గుణములను చూచి ప్రేమించుట సంబంధములు కుదుర్చు పెద్దల పద్ధతి. పడుచుపిల్ల పద్ధతి వేరు. ఆ సంగతి చెప్పుటకు బాపిరాజుగారి ప్రక్కన మరియొక కలము లేకపోయెను.

ముప్పది సంవత్సరములు ముందునకు వచ్చి, 1960 తరువాతి దశకమున తెనుగు గృహిణులను ఊపివేసిన యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ'ని చూతము. ఇచ్చట త్రాసు రెండవవైపునకు మొగ్గినది. జయంతి ఆత్మాభిమానము, అనుమానము, ఉక్రోషము, తనకు తాను చెప్పుకొను అబద్ధములు మనకు స్పష్టముగా తెలియును. ఉద్యోగమునకు పోవు ఆడపిల్ల బిడియమును అంత దగ్గరగా చూపిన పుస్తకము జనసామాన్యమునకు అంతకుముందు చేరలేదు. కాని రాజశేఖరము? అతడు ఆమె కంటికి కనబడినంతవరకే కలడు. ఆమె గది దాటి వెలుపలికి పోయిన పిదప అతడు కుర్చీలో కూర్చుండి యేమనుకొనుచుండెనో మనకు తెలియదు. ఆ నవలను పండితులు తేలిక పుస్తకమని త్రోసివేయుట అన్యాయము. అందలి సగము మనిషిని కూడ సంపూర్ణుడని మెచ్చుకొనుట అంతకంటె అన్యాయము.

చలముగారి 'మైదానము'లో పురుషుడే స్త్రీ నోట కథ చెప్పించెను గదా యని అడుగవచ్చును. నిజమే. రాజేశ్వరి గొంతు ఈనాటికిని మన చెవిలో మ్రోగుచున్నది. అయితే అమీరు ఎవడు? ఆమె చూపులో వెలిగినవాడు, అంతే. చలముగారంతటివారు తమ కలమును స్త్రీకి ఇచ్చివేయగా పురుషుని వ్రాయుటకు మరియొక కలము మిగులలేదు.

రచనను వృత్తిగా పెట్టుకొనువారి కష్టమును కూడ కొంచెము గమనింపవలెను. ఆ దశాబ్దములలో నవలా రచయిత్రికి దారి తెలిసినదే: మొదట పత్రికలో ధారావాహిక, పిదప పుస్తకము, అద్దె పుస్తకముల దుకాణము, అదృష్టము పండిన సినిమా. యద్దనపూడి వారి నవలలలో 'మీనా', 'జీవన తరంగాలు' 1973లోను, 'సెక్రటరీ' 1976లోను తెరకెక్కినవి. కోడూరి కౌసల్యాదేవిగారి 'చక్రభ్రమణము' 1964లోనే 'డాక్టర్ చక్రవర్తి'యై వచ్చినది. ఇట్లు పేరునకు విలువ పెరిగినకొలది ఆ పేరు ఒక సరుకైనది. స్త్రీల పేర్లకు గిరాకి గలదని పురుషులును స్త్రీనామములు ధరించిరి. లల్లాదేవి యను పేరు వెనుక నున్నది పురుష రచయితయే. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు 'ఇల్లాలి ముచ్చట్లు'ను పురాణం సీత పేర వ్రాసిరి. శర్మగారి చమత్కారము గొప్పదే, మేమును చదివి నవ్వినవారమే. అయినను విమర్శకు ఒక తేడా ముఖ్యము: జంటపేరులో ఇద్దరుందురు, అరువుపేరులో ఒక్కరే యుందురు. అరువుపేరు పాఠకురాలికి ఒక స్త్రీ మనసును వాగ్దానము చేసి, పురుషుని ఊహను అందించును.

దీనికి పూర్తిగా వేరైనది బీనాదేవి. భాగవతుల నరసింగరావుగారును, వారి భార్య త్రిపురసుందరమ్మగారును కలిసి పెట్టుకొన్న పేరది. ఆయన న్యాయాధికారి. 'పుణ్యభూమీ కళ్ళు తెరు', 'హేంగ్ మీ క్విక్' వంటి నవలలు ఆ పేరుతో వచ్చినవి. వీనిని ప్రేమనవలలని మేము అనుట లేదు. మన విషయమునకు పనికివచ్చునది ఆ కాపురములోని రచనావిధానము. కచ్చేరీలోని అన్యాయము తెలిసిన కన్ను ఒకటి, ఇంటిలోని అన్యాయము తెలిసిన కన్ను ఒకటి. ఒకే పుటలో రెండును తెరచి యుండుట వలన వారి వ్యంగ్యము ఎవరిని విడిచిపెట్టలేదు. పేరు స్త్రీది గనుక చాలమంది ఆమెయే వ్రాసెననిరి. ఆయన హోదాను చూచి మరికొందరు ఆయనయే వ్రాసెననిరి. 1990లో నరసింగరావుగారు గతించిన తరువాతను త్రిపురసుందరమ్మగారు ఆ పేరును విడువక రచన సాగించిరి. చెళ్లపిళ్లవారు చేసినపుడు స్నేహధర్మమని మెచ్చిన లోకము, ఒక స్త్రీ చేసినపుడు "ఇన్నాళ్లును వ్రాసినది ఎవరు?" అని లెక్కలడుగుట మాకు రుచించదు.

లెక్క అడుగవలసినచో చట్టము కలదు. 1957 నాటి మన గ్రంథస్వామ్య చట్టము ప్రకారము, ఒకరి భాగమును రెండవవారి భాగమునుండి విడదీయరాని రచనయే ఉమ్మడి రచన. కలిసి వ్రాసినవారిలో చివరివారు గతించిన పిదప అరువది సంవత్సరముల వరకు హక్కు నిలుచును. శాసనములు చదివి చదివి కన్నులు చెడినవారము గనుక చెప్పుచున్నాము, ఇంత చక్కని సాహిత్య విమర్శ శాసనములలో అరుదు. విడదీయరానిది! నాయిక మాటలు ఈమెవి, నాయకుని మాటలు ఆయనవి యని గీత గీయగలిగినచో అది రెండు పుస్తకములను కలిపి కుట్టినట్లే. ఆమె వ్రాసిన నాయకుని ఆయన కొట్టివేయవలెను. ఆయన వ్రాసిన నాయికను చూచి ఆమె నవ్వవలెను. ఆ తగవు అచ్చునకు ముందే జరిగిపోవలెను.

ఇదంతయు మనకేల యనిన: మన ప్రేమకథలు ఇంకను ఎవరును వ్రాయలేదు. మా యానాము ఫ్రెంచివారి పాలన నుండి 1954లో బయటపడినది. బరంపురము గల గంజాము 1936లో ఒడిస్సాలో చేరినది. షోలాపురములో పద్మశాలీల యిండ్లలో తెనుగు, వీధిలో మరాఠీ. ఇంటిలో ఒక భాషలో కోపగించుకొని, వీధిలో మరియొక భాషలో ప్రేమించు పిల్లలు మన యిండ్లలో కలరు. హైదరాబాదు నవలలో గాని, బెజవాడ నవలలో గాని వారికి చోటు లేదు. వారికి కథ తెలియును, లిపి రాదు. తమిళనాట 2006లో వచ్చిన చట్టము తమిళమును బడులలో తప్పనిసరి చేసిన పిదప, ఇంట తెనుగు చక్కగా మాటలాడియు ఒక్క ఉత్తరము వ్రాయజాలని యువతీయువకులు పెరిగిరి. వారి తాతయ్యలకు, అమ్మమ్మలకు లిపి వచ్చును, వాక్యము వచ్చును. ఈనాటి ప్రేమ తెలియదు.

ఇంతకంటె సహజమైన జంట మరెచ్చట దొరకును? మనుమరాలు చెప్పవలెను, అమ్మమ్మ వ్రాయవలెను. మనుమరాలు వినిపించుకొని, "ఆ అబ్బాయి అట్లు మాటలాడడు, అమ్మమ్మా" యనవలెను. అమ్మమ్మ, "ఆ పిల్ల అంత తొందరగా మెత్తబడదు లేవే" యనవలెను. మాకు భయమల్ల ఒక్కటే. వ్రాసినవారే రచయితలను అలవాటు మనలో గట్టిది. పుస్తకము అచ్చగునప్పటికి పెద్దవారి పేరు అట్టమీదికి ఎక్కి, పిల్లదాని పేరు ముందుమాటలో కృతజ్ఞతల నడుమ చిక్కుకొనును. మా కచ్చేరీలో ముసాయిదా వ్రాసినవాని పొడి అక్షరములైనను అంచున ఉండుచుండెను. నవల మొదలిడునాడే, మొదటి పుట వ్రాయకముందే, ఒక తెల్లకాగితముమీద రెండు పేర్లును, వచ్చిన రూకలో ఎవరికెంతయో వ్రాసి, ఇద్దరును సంతకములు చేయవలెను. పేర్ల వరుస తెగనిచో అక్షరక్రమమున ఉంచవచ్చును. అట్టమీద రెండును ఒకే కొలత అక్షరములలో ఉండవలెను.