రాడార్ గన్‌కు అందని విద్య

అమెరికాలో బేస్‌బాల్ పిచర్ కావాలని కలగనే ప్రతి కుర్రాడికీ పదహారు పదిహేడేళ్ల వయసులో ఒక గండం ఉంటుంది. మైదానం పక్కన క్లబ్ తరఫు మనిషి రాడార్ గన్ పట్టుకుని నిలబడతాడు. బంతి గంటకు 90 మైళ్లు దాటితే కుర్రాడి పేరు రాసుకుంటాడు. దాటకపోతే తలెత్తి కూడా చూడడు. ఊహ తెలిసినప్పటి నుంచి పెంచుకున్న ఆశ చాలామందికి అక్కడే ఆగిపోతుంది.

అలా ఆగిపోయినవాళ్ల కోసం ఈ ఆట నూరేళ్లకు పైగా ఒక విద్యను దాచి ఉంచింది. దాని పేరు నకుల్‌బాల్. దానికి జబ్బబలం అక్కర్లేదు. నలభై ఏళ్లు దాటినా చేయి తిరుగుతుంది. వేగమనే పరీక్షలో తప్పినవాడు మళ్లీ మైదానంలోకి రావడానికి ఇంతకన్నా గొప్ప దారి మరొకటి లేదు. బేస్‌బాల్ మొత్తంలో ఇంత అందమైన పని కూడా లేదని నా గట్టి నమ్మకం.

తెలుగువాళ్లకు ఈ మాట క్రికెట్ ద్వారా పరిచయమే. 2011 ప్రపంచ కప్‌లో జహీర్ ఖాన్ వేసినదీ, ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్ తరఫున భువనేశ్వర్ కుమార్ వేసినదీ నకుల్ బాలే. కాకపోతే అక్కడ అది వేగం తగ్గించి బ్యాటర్‌ను తికమక పెట్టడానికి అప్పుడప్పుడు తీసే అస్త్రం. బేస్‌బాల్‌లో అసలైన నకుల్‌బాలర్ అలా కాదు. దాదాపు ప్రతి బంతీ అదే వేస్తాడు. వచ్చేది ఏమిటో బ్యాటర్‌కు ముందే తెలుసు, గ్యాలరీలో కూర్చున్న పిల్లాడికీ తెలుసు. అయినా కొట్టలేరు.

ఎలా వేస్తారో చెబుతాను. బేస్‌బాల్ బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు. తోలు మీద ఎర్రదారంతో 108 జంట కుట్లుంటాయి. మిగతా పిచర్లంతా ఆ కుట్ల మీద వేళ్లు ఆన్చి, మణికట్టు విదిలించి బంతిని గిరగిరా తిప్పుతారు. నకుల్‌బాలర్ చేసేది దానికి సరిగ్గా వ్యతిరేకం, బంతిని తిరగనివ్వడు. చూపుడువేలు, నడిమివేళ్ల గోళ్లను కుట్టు వెనకాల తోలులోకి గుచ్చుతాడు. బొటనవేలు ఒక పక్కన, ఉంగరపు వేలు మరో పక్కన ఊతం. మణికట్టు కొయ్యలా బిగించి, ముందుకు తోసినట్టు వదులుతాడు. వదిలే క్షణంలో అన్ని వేళ్లూ ఒకేసారి బంతిని విడవాలి. ఒక వేలు రవ్వంత ఆలస్యమైతే బంతి తిరుగుతుంది. తిరిగిన నకుల్‌బాల్‌కు వేగమూ ఉండదు, వంపూ ఉండదు. అది నేరుగా స్టాండ్స్‌లోకి పోతుంది.

పిచర్ నిలబడే చోటు నుంచి హోమ్ ప్లేట్‌కు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. అంత దూరంలో బంతి ఒకటి, ఒకటిన్నర చుట్లకు మించి తిరగకూడదు. అప్పుడు గాలికి ఒకవైపు ఉబ్బెత్తు కుట్లు తగులుతాయి, మరోవైపు నున్నటి తోలు తగులుతుంది. రెండు వైపులా గాలి ఒకేలా విడిపోదు కాబట్టి బంతి పక్కకు తోసుకుపోతుంది. బంతి మెల్లగా ఒరిగేకొద్దీ ఆ తోపు దిశ మారిపోతుంది. వాట్స్, సాయర్ అనే ఇద్దరు దీన్ని 1975లోనే గాలి సొరంగంలో కొలిచి చూపించారు. దారం తెగిన గాలిపటంలా అది ఎటు పోతుందో వేసినవాడికే తెలియదు. బంతి దారిలో రెండుసార్లు వంకర తిరిగిందని బ్యాటర్లు ప్రమాణం చేసి చెబుతారు. ఫిజిక్స్ ప్రొఫెసర్ అలన్ నేథన్ కెమెరా లెక్కలు తీసి చూస్తే దారి నునుపుగానే ఉంది. ఏ వైపు పోతుందో మాత్రం ముందుగా చెప్పలేం అన్నాడు. కంటిని అంతగా మాయచేసే బంతి అది.

దీన్ని ఎవరు కనిపెట్టారంటే తలా ఒక పేరు చెబుతారు. వేలి నరం తెగిన తాపీమేస్త్రీ టోడ్ రామ్జీ 1880ల్లోనే ఇలాంటిది వేశాడని కొందరంటారు. ఎడీ సికాట్ అని కొందరంటారు. ఆ తగాదా మనకెందుకు గానీ, విద్య పుట్టుక కన్నా అది చేతులు మారిన తీరే గొప్పది.

1945లో వాషింగ్టన్ సెనేటర్స్ జట్టులో ఏకంగా నలుగురు నకుల్‌బాలర్లు ఉండేవారు. డచ్ లెనార్డ్, రోజర్ వుల్ఫ్, మికీ హెఫ్నర్, జానీ నిగెలింగ్. ఆ ఏడు ఆ జట్టు ఒకటిన్నర ఆటల తేడాతో లీగ్ టైటిల్ పోగొట్టుకుంది. అంతకు కొన్నేళ్ల ముందే ఆ లెనార్డ్ బంతి పట్టుకునే తీరు పేపర్లో ఫొటోగా పడితే, నార్త్ కరోలినాలో హోయ్ట్ విల్‌హెల్మ్ అనే పిల్లాడు దాన్ని చూసి టెన్నిస్ బంతితో సాధన మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చాడు. మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేనాటికి 29 ఏళ్లు. 1952లో తొలిసారి బ్యాట్ పట్టినప్పుడే హోమ్ రన్ కొట్టాడు. తర్వాత ఇరవై ఏళ్లలో మరొక్కటీ కొట్టలేదు, కొట్టాల్సిన పనీ పడలేదు! 1958లో యాంకీస్ మీద నో-హిట్టర్ వేశాడు, అంటే మ్యాచ్ మొత్తం మీద ఒక్క హిట్టూ ఇవ్వలేదన్నమాట. మొత్తం 1,070 మ్యాచ్‌లు ఆడి, యాభై ఏళ్లకు కాస్త ముందు దిగిపోయాడు. ఆయన బంతులు పట్టలేక క్యాచర్లు అల్లాడుతుంటే, మేనేజర్ పాల్ రిచర్డ్స్ 1960లో ప్రత్యేకంగా పెద్ద గ్లవ్ చేయించాడు. తర్వాత గ్లవ్ సైజుకు నిబంధనతో హద్దు గీయాల్సి వచ్చింది.

ఇంత చెప్పినా, నా ఓటు మాత్రం ఫిల్ నీక్రోకే. ఒహాయో రాష్ట్రంలో లాన్సింగ్ అనే చిన్న ఊరు వాళ్లది. తండ్రి బొగ్గుగని కార్మికుడు. గని నుంచి వచ్చాక ఇంటి పెరట్లో కొడుకులిద్దరికీ నకుల్‌బాల్ నేర్పించాడు. 1958లో బ్రేవ్స్ క్లబ్ ఫిల్‌ను 500 డాలర్లకు తీసుకుంది. ఏళ్ల తరబడి మైనర్ లీగుల్లో తిరిగి, 28 ఏళ్లకు గానీ నిలదొక్కుకోలేదు. ఆ తర్వాత ఆపినవాడు లేడు. 24 సీజన్లు ఆడాడు, 318 విజయాలు సాధించాడు, 3,342 మందిని స్ట్రైకౌట్ చేశాడు. నలభై దాటాక గెలిచినవే 121 మ్యాచ్‌లు. తమ్ముడు జో గెలిచిన 221 కలిపితే 539. అన్నదమ్ముల్లో ఇంతకు మించినవాళ్లు ఇప్పటికీ లేరు. జో తన జీవితంలో కొట్టిన ఒకే ఒక్క హోమ్ రన్ అన్న బంతినే.

1985 అక్టోబర్ 6న టొరంటోలో ఫిల్ మూడువందలవ విజయం కోసం దిగాడు. అప్పుడు ఆయన వయసు 46. తండ్రి ఆసుపత్రిలో ప్రాణాపాయ స్థితిలో ఉన్నాడు. నకుల్‌బాల్ లేకుండా కూడా తాను పిచర్‌నేనని చూపించాలనుకున్నాడేమో, మ్యాచ్ మొత్తం మామూలు బంతులే వేశాడు. చివరి బ్యాటర్ జెఫ్ బరోస్ వచ్చేదాకా తండ్రి నేర్పిన బంతి బయటికి తీయలేదు. తీసి స్ట్రైకౌట్ చేశాడు. 8-0తో, ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా! ఇంతటి మనిషిని హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకోవడానికి ఓటు వేసే విలేఖరులకు ఐదేళ్లు పట్టింది. ఫాస్ట్‌బాల్ వేసినవాడికి 318 విజయాలుంటే మొదటి ఏడే పూలదండ వేసేవాళ్లు. నకుల్‌బాల్‌ను ఏదో కనికట్టుగా చూసే ఆ చులకన నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

విల్బర్ వుడ్ సంగతి చెప్పకపోతే పాపం. వైట్ సాక్స్ జట్టులో విల్‌హెల్మ్ దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. 1972లో 49 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు. ఇవాళ్టి పిచర్ ముప్ఫై రెండు మొదలుపెడితే గొప్ప. మరుసటి ఏడు జులైలో ఒకేరోజు జరిగిన రెండు మ్యాచ్‌లకూ తానే తొలి పిచర్‌గా దిగాడు. మోచేతిని మెలిపెట్టని విద్య కాబట్టే అది సాధ్యమైంది.

టిమ్ వేక్‌ఫీల్డ్ బ్యాటర్‌గా క్లబ్‌లో చేరాడు. ఇక పైకి పోలేవని పెద్దలు తేల్చేశారు. చిన్నప్పుడు పెరట్లో తండ్రి అలసిపోయి, ఇక ఆట చాలించి ఇంట్లోకి పోదామన్నప్పుడు వేసిన నకుల్‌బాల్ ఒక్కటే అతనికి మిగిలింది. దాన్నే పట్టుకుని 1992లో పిట్స్‌బర్గ్ తరఫున అట్లాంటాను ప్లేఆఫ్‌లో రెండుసార్లు ఓడించాడు. తర్వాత చేయి పట్టు తప్పింది. 1995లో ఆ క్లబ్ వదిలేసింది. బోస్టన్ తీసుకుని నీక్రో అన్నదమ్ముల చేతుల్లో పెడితే, ఆ సీజన్‌ను 14 విజయాలు, ఒకే ఓటమితో మొదలుపెట్టాడు. అక్కడే 17 ఏళ్లు ఆడాడు. అతని బంతి పట్టడానికి డగ్ మిరబెల్లి అనే క్యాచర్‌నే ప్రత్యేకంగా ఉంచారు. మధ్యలో వేరే జట్టుకు ఇచ్చేసి, అతని చోట వచ్చినవాళ్ల వల్ల కాక, 2006 మేలో విమానంలో వెనక్కి రప్పించారు. విమానాశ్రయం నుంచి పోలీసు కారులో, దారిలోనే యూనిఫాం మార్చుకుంటూ వచ్చాడు మిరబెల్లి.

ఆర్.ఏ. డికీ కథ వింటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. 1996లో టెక్సస్ రేంజర్స్ 8,10,000 డాలర్లు ఇస్తామంది. వైద్యపరీక్షలో కుడి మోచేతిలో ఉండాల్సిన ఒక ముఖ్యమైన లిగమెంట్ అసలే లేదని తేలింది. ఇస్తానన్న సొమ్ము 75,000కు పడిపోయింది. అయినా కల వదల్లేదు. 2005లో కోచ్‌ల సలహాతో నకుల్‌బాల్ పట్టాడు. మరుసటి ఏప్రిల్‌లో ఒకే మ్యాచ్‌లో ఆరు హోమ్ రన్లు ఇచ్చి మళ్లీ మైనర్ లీగ్‌కు పోయాడు. అప్పుడు గురువుల వెంటపడ్డాడు. పాత నకుల్‌బాలర్ చార్లీ హఫ్ పట్టు సరిచేశాడు. ఫిల్ నీక్రో నడుము కదలిక నేర్పాడు. వేక్‌ఫీల్డ్ ఎదుటి జట్టులో ఉండి కూడా తన సాధన పక్కనే నిలబడి చూడనిచ్చాడు! ప్రత్యర్థికి విద్య దానం చేసే ఇలాంటి సంప్రదాయం మరే ఆటలో ఉందో చెప్పండి. 2012లో డికీ 20 మ్యాచ్‌లు గెలిచి, వరుసగా రెండు మ్యాచ్‌లలో ఒక్కొక్క హిట్టే ఇచ్చి, ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. నకుల్‌బాలర్లలో ఆ గౌరవం దక్కిన మొదటివాడు అతనే. ఆ ఏడాది మొదట్లోనే ముంబయిలో అమ్మాయిలను వ్యభిచార కూపాల నుంచి కాపాడే సంస్థకు విరాళాల కోసం కిలిమంజారో ఎక్కాడు.

జపాన్‌లో ఎరీ యోషిదా అనే అమ్మాయి వేక్‌ఫీల్డ్ వీడియోలు చూసి ఇదే బంతి నేర్చుకుంది. 16 ఏళ్ల వయసులో మగవాళ్ల ప్రొఫెషనల్ జట్టుకు ఎంపికైంది. 2010లో తన గురువును స్వయంగా కలుసుకుంది. ఇంకే బంతి ఒక ఆడపిల్లకు ఈ తలుపు తీసింది?

ఇప్పుడు ఆ తలుపు మూస్తున్నారు. డికీ 2017తో ఆగిపోయాడు. శాన్ డియేగో తరఫున మ్యాట్ వాల్డ్రన్ వేశాడు గానీ, మిగతా బంతుల మధ్య కలిపి వేశాడు. నలుగురు నకుల్‌బాలర్లు ఒకే జట్టులో ఉన్న ఆటకు పట్టిన గతి ఇది! సగటు ఫాస్ట్‌బాల్ 94 మైళ్లకు చేరింది. క్లబ్బులు అంకెలు తప్ప మనుషులను చూడటం మానేశాయి. మన దేశం నుంచి రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే జావెలిన్ కుర్రాళ్లను 2008లో ఎంచిన పోటీలోనూ వేగానిదే పెద్దపీట. నకుల్‌బాల్ కుదరడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు గడిపే చోటు మైనర్ లీగ్. దాన్నేమో 2021 నుంచి 120 జట్లకు కుదించారు. కొత్త కుర్రాళ్లను క్లబ్బులు ఎంచుకునే ఏటేటి డ్రాఫ్ట్‌ను 40 రౌండ్ల నుంచి 20కి తగ్గించారు. నిదానంగా పండే పండుకు చెట్టు మీద చోటే లేకుండా చేశారు. మరోవైపు వేగం కోసం మెలిపెట్టిన మోచేతులు వరుసగా ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నాయి. గాయాలకు వేగం వెంట పరుగే పెద్ద కారణమని మేజర్ లీగ్ 2024 డిసెంబర్‌లో తన నివేదికలోనే ఒప్పుకుంది. మోచేతిని కాపాడే విద్య కళ్లెదుటే ఉంటే దాన్ని అటకెక్కించారు.

నకిలీల బాధ ఇంకొకటి. పది పరుగుల తేడాతో ఓడిపోతున్న జట్టు పిచర్లను దాచుకుని ఎవరో ఒక ఫీల్డర్‌ను పంపిస్తుంది. అతను నవ్వుకుంటూ మెల్లగా ఒక బంతి వేస్తాడు. వ్యాఖ్యాత దాన్ని నకుల్‌బాల్ అంటాడు. అది నకుల్‌బాల్ కాదు. నీక్రో గోళ్లు అరగదీసి సాధించినదానికి అవమానం.

విల్‌హెల్మ్ లేడు. నీక్రో 2020లో పోయాడు. వేక్‌ఫీల్డ్ 2023 అక్టోబర్ 1న, 57 ఏళ్లకే పోయాడు. డికీ ఉన్నాడు, హఫ్ ఉన్నాడు. ముప్ఫై క్లబ్బులూ తలా ఒక కుర్రాడిని, తలా మూడేళ్లు వీళ్ల దగ్గర ఉంచితే విద్య నిలుస్తుంది. వాళ్లకయ్యే ఖర్చు ఒక మామూలు ఆటగాడి జీతంలో పిసరంత.

డల్లాస్‌లో, అట్లాంటాలో, న్యూజెర్సీలో పిల్లలను లిటిల్ లీగ్‌కు తీసుకెళ్లే తెలుగు తల్లిదండ్రులకు నాదొక మనవి. మీ అబ్బాయో అమ్మాయో వేగం చాలక బెంచీ మీద కూర్చుంటే, ఇక చాలు చదువుకో అని ఇంటికి తెచ్చేయకండి. గోళ్లు కాస్త పెరగనివ్వండి. సాయంత్రం గ్లవ్ వేసుకుని మీరే పెరట్లో 46 అడుగుల దూరాన కూర్చోండి. బంతి తిరక్కుండా మీ దాకా వచ్చేవరకు ఓపిక పట్టండి.